ముప్పయ్యో సాక్ష్యం

"గుంజలు పీకెయ్ కొండయ్యా. కూడిక లేదు," అంది రెబెకా వాకిట్లో నిలబడి.

"గుంజ మీద చెయ్యేస్తే ఊరుకోను కొండయ్యా. కూడిక ఉంది," అంది ఆమె తల్లి దేవమ్మ వంటింటి గుమ్మంలోంచి.

కొండయ్య నిచ్చెన మీద ఉన్నాడు. నోట్లో తాడు, చేతిలో షామియానా అంచు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఏళ్ల తరబడి ఈ ఇంటి ముందు టెంటు కడుతున్నాడు గానీ తల్లీ కూతుళ్లు చెరో మాట చెప్పడం ఇదే మొదటిసారి. తాడు గుంజకు చుట్టి మెల్లగా కిందికి దిగాడు.

"మీరిద్దరూ ఒక మాట మీదికి రండమ్మా. ఈలోపు నేను టీ తాగొస్తా," అని వీధి చివరికి నడిచాడు. తెలివైనవాడు.

సగం కట్టిన షామియానా ఒక పక్కకు వేలాడుతూ ఉండిపోయింది. ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడ ఆరేసిన చీరనే మళ్లీ దులిపి ఆరేస్తూ చెవులు ఇటే పెట్టింది. బందరులో ఆదివారం పొద్దున ఇంతకంటే మంచి కాలక్షేపం దొరకదు మరి.

నిన్న సాయంత్రం గుడివాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచి రెబెకాకు కాలు ఒకచోట నిలవడం లేదు. భయంతో కాదు, సంతోషంతో. దేవమ్మకు మింగుడు పడనిది సరిగ్గా అదే. పేగు ముక్క తీసి చేసిన పరీక్షలో చెడు కనిపించిందని చెప్పుకుంటూ నవ్వే పిల్లను ఏ తల్లి అర్థం చేసుకుంటుంది?

"ఇంకా క్యాన్సర్ కాలేదు రెబెకా గారూ, అటువైపు నడుస్తోంది," అంది నిన్న గుడివాడలో డాక్టర్ స్వర్ణలత. "మీరు ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే నేను ఈ మాట అనలేకపోయేదాన్ని. బుధవారం విజయవాడలో ఆపరేషన్ పెట్టించాను. వెళ్లండి, తీయించేసుకోండి, బతకండి."

ఆ చివరి మాటను చెవిలో పెట్టుకుని బస్సెక్కింది రెబెకా. గుడ్లవల్లేరు దాకా ఏడ్చింది. పెడన వచ్చేసరికి నవ్వుతోంది. ఆ బస్సు కండక్టరు తెలిసిన మనిషే, "ఏంటక్కా, లాటరీ తగిలిందా," అని అడిగితే, "అంతకంటే పెద్దదే తగిలింది," అంది. రెబెకా కూడా ఆర్టీసీ కండక్టరే. బందరు నుంచి నాగాయలంక రూటు. ఏ బస్టాండులో మరుగుదొడ్డికి గొళ్లెం పడుతుందో, ఎక్కడ పడదో ఆ రూటంతటిలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా ఇంకెవరికీ లేదు.

ఆమె పుట్టుకే అలాంటిది. కడుపు లోపల ఉండాల్సిన మూత్రాశయం బొడ్డు కింద తెరుచుకుని, బయటికి కనిపిస్తూ పుట్టింది. వేలల్లో ఏ ఒక్కరికో అలా జరుగుతుందట. నాలుగో ఏట ఆపరేషన్ చేసి, కిడ్నీల నుంచి వచ్చే రెండు గొట్టాలనూ పెద్దపేగులోకి కలిపి కుట్టారు. అప్పట్నుంచి ఆమెకు రెండు పనులూ ఒకే దారిన అవుతాయి. పిల్ల పొడిగా ఉంది, బడికి వెళ్లింది, డిగ్రీ చదివింది, ఉద్యోగం చేస్తోంది. చూసినవాళ్లెవరూ కనిపెట్టలేరు.

ఆ అతుకు దగ్గరే ఇప్పుడు చిక్కు వచ్చింది. మూత్రమూ మలమూ కలిసే ఆ చోట ఏళ్లు గడిచేకొద్దీ గడ్డలు పుట్టొచ్చు. పెద్దయ్యాక ఏటా గొట్టం వేసి చూసుకుంటూ ఉండాలి. పోయిన నెల రక్తం కనిపించి, డ్యూటీలో కళ్లు తిరిగి పడితే తప్ప ఈ సంగతి రెబెకాకు తెలిసిరాలేదు.

ఏటా చూపించుకోవాల్సిన మనిషి ఏటా సాక్ష్యం చెప్పించుకుంది.

అదీ ఈ ఇంటి ఆచారం. ఆపరేషన్ అయి పిల్లను ఇంటికి తెచ్చుకున్న రోజున, ప్రతి ఏడూ కృతజ్ఞత కూడిక. సంఘమంతా వస్తుంది, పాటలు, ప్రార్థన, ఆ పైన బిర్యానీ. మధ్యలో దేవమ్మ లేచి సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యానికి ఒక చివరి వాక్యం ఉంది. "ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా బిడ్డ ఆ జబ్బు కోసం మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు." అందరూ స్తోత్రం అంటారు.

ఆ వాక్యం ప్రతి ఏడూ నిజంగా ఉండాలి కదా. అందుకని పిల్లను ఎప్పుడూ చూపించలేదు. చూపిస్తే దేవుణ్ణి నమ్మనట్టు అవుతుందని దేవమ్మ భయం. ఇది మోసం కాదు. ఆమె మనసా వాచా నమ్మిన మాట. చిక్కంతా అక్కడే.

రెబెకా వంటింట్లోకి వచ్చింది. తండ్రి దైవాధీనం పీట మీద కూర్చుని బిర్యానీకి వెల్లుల్లి ఒలుస్తున్నాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. బళ్లో రోజంతా విజిలు ఊది ఊది, ఇంటికొచ్చాక నోరు విప్పే పని భార్యకు అప్పగించేసిన మనిషి.

"బుధవారం ఆపరేషన్‌కి ఒప్పుకున్నానా లేదా?" అంది దేవమ్మ. "విజయవాడ నేనే వస్తానన్నానా లేదా? ఇవాళ ఒక్క పూట కూడికలో ఆ ఊసు ఎత్తొద్దన్నాను. అంతేగా నేనడిగింది."

"ఎత్తకపోతే ఏమవుద్దో తెలుసా? నువ్వు లేచి గడప తొక్కలేదంటావు. నేను పక్కన నిలబడి తలూపాలి. మూడు రోజులు తిరక్కుండా నేను ఆపరేషన్ బల్ల మీద ఉంటానమ్మా."

"తగ్గించి చెప్తాలే."

"ఏది తగ్గిస్తావు?"

దేవమ్మ గరిటె అందుకుంది. గిన్నెలో ఉల్లిపాయలు అటూ ఇటూ కలిపింది.

"సంచి గురించి విన్నారా మీరు?" అంది చివరికి, మొగుణ్ణి చూసి. "ఆ అతుకు తీసేస్తే మూత్రానికి దారి ఉండదంట. పొట్ట మీద కన్నం పెట్టి, దానికి సంచి అంటిస్తారంట. బతికినంత కాలం. సంపూర్ణంగా బాగైందని ఇన్నేళ్లు చెప్పిన నోటితో, రేపు జనానికి ఏం చెప్పను నేను?"

"సంపూర్ణంగా బాగైతే నాకో సంబంధం ఎందుకు చూడలేదమ్మా?"

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో రెబెకాకే తెలియదు. ఎన్నాళ్లుగా లోపల నానుతోందో, పెదవి దాటేసింది.

వెల్లుల్లి ఒలిచే చప్పుడు ఆగిపోయింది.

దేవమ్మ కూతురి వంక చూడలేదు. పొయ్యి మంట తగ్గించింది. తగ్గించిన మంటను మళ్లీ పెంచింది. ఉల్లిపాయలు అంచుల్లో మాడటం మొదలైంది, ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ గరిటె పట్టుకోలేదు.

"ఎవరికిచ్చి, ఏం చెప్పుకునేదాన్ని," అంది, గోడతో అన్నట్టు.

అమ్మను ఆ మాట అన్నందుకు రెబెకాకు బాధేసింది. అనేశానన్న హాయి కూడా కలిగింది. రెండూ ఒక్కసారే కలిగితే ఏం చెయ్యాలో తెలియక వెళ్లి స్టవ్ ఆపేసింది.

అప్పుడు మాట్లాడాడు దైవాధీనం. "దేవా, ఆ చివరి వాక్యం వదిలేసి తక్కిందంతా చెప్పుకో. అమ్మాయ్, నువ్వు నీ ఆపరేషన్ ఊసు ఎత్తకు. నాకు మాటివ్వు. కూడిక జరగనీండి."

ఆయన నోరు తెరిచి అడిగేది ఏడాదికి ఒకటో రెండో. కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. రెబెకా మాటిచ్చింది. ఇచ్చిన మరుక్షణమే ఫోను మోగింది.

"వందనాలు తల్లీ. బస్సెక్కాం. చల్లపల్లి దాటాం," అంది అవతల రాహేలు. వెనక బస్సు రొద.

రాహేలుది నాగాయలంక. ఆమె కొడుకు ఏలీయా కూడా రెబెకా లాగే పుట్టాడు. ఆ పిల్లాణ్ణి గుడ్డల్లో చుట్టి దాచుకుంటూ, దేవుడు ఎలా తీసుకుంటే అలా అని కూర్చున్న రోజుల్లో, అవనిగడ్డ సభల్లో దేవమ్మ సాక్ష్యం విన్నది. మర్నాడే పిల్లాణ్ణి ఎత్తుకుని ఆపరేషన్‌కి పరుగెత్తింది. ఆ మాటే వినకపోతే ఏలీయా ఇవాళ లేడు. ఇప్పుడు ఇరవై ఏడేళ్లవాడు, ఇంజను పడవ మీద వేటకు వెళ్తాడు. దేవమ్మ సాక్ష్యానికి కాసిన మొదటి కాయ అని సంఘంలో అతనికి పేరు.

"తమ్ముడు ఎలా ఉన్నాడు పిన్నీ?" అంది రెబెకా. వంటగదిలో చప్పుడుకు వినపడక స్పీకరు పెట్టింది.

"ఏం చెప్పను తల్లీ. మూణ్ణెల్లుగా దొడ్డికెళ్తే ఎర్రగా పడతంది. మనిషి సగమయ్యాడు. పడవెక్కట్లా."

రెబెకా ఫోను మీదికి వంగింది. "డాక్టరుకు చూపించావా?"

"డాక్టరెందుకు తల్లీ? మీ అమ్మగారు గడప తొక్కకుండా నిన్ను దాటించుకు రాలా? మేమూ అదే పట్టుకున్నాం. ఇయ్యాల అమ్మగారి సాక్ష్యం వింటే వాడికి బలమొచ్చుద్ది. అందుకే ఒంట్లో బాగోకపోయినా తీసుకొస్తన్నా."

అవతల ఫోను పెట్టేసింది రాహేలు. రెబెకా తల్లి ముఖంలోకి చూసింది. దేవమ్మ మాడిన ఉల్లిపాయల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతోంది, అవి ఏరితే వంట బాగుపడుతుందన్నట్టు.

వాకిట్లోంచి కొండయ్య గొంతు వినిపించింది. "తేలిందామ్మా? కట్టేదా, విప్పేదా?"

"కట్టు," అంది దేవమ్మ.

సాయంత్రానికి వాకిలి నిండిపోయింది. కుర్చీలు చాలక ఎదురింటి నుంచి తెచ్చారు, ఎదురింటావిడ కుర్చీలతో పాటు తనూ వచ్చింది. దేవసహాయం అయ్యగారు మైకు పట్టుకుని రెండుసార్లు ఊది చూశారు. పాట మొదలైంది, తప్పెట మోగింది, పిల్లలు చప్పట్లు చరుస్తున్నారు. ఆ సందడిలో రెబెకా ఒళ్లంతా జలదరించింది. నేను బతుకుతాను, బతుకుతాను అని తప్పెటతో కలిసి అరవాలనిపించింది. ఇంత మంచి కబురు కడుపులో పెట్టుకుని నోరు మూసుకోవడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

ఏలీయా ముందు వరసలో కూర్చున్నాడు. చొక్కా వేరొకరిది వేసుకున్నట్టు వదులైపోయింది. పలకరింపుగా నవ్వాడు. ఆ నవ్వు చూసి రెబెకా ఆగలేకపోయింది. వెళ్లి పక్కన కూర్చుంది.

"తమ్ముడూ, రేపు నాతో గుడివాడ రా. ఒక డాక్టరమ్మ ఉంది. చాలా మంచిది. ఒక్క పరీక్ష."

"అమ్మ ఒప్పుకోదక్కా." అతను గొంతు తగ్గించాడు. "నువ్వెప్పుడైనా వెళ్లావా ఆ పరీక్షకి?"

వెళ్లాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు. ఇటే చూస్తున్నాడు. పొద్దున ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

రాహేలు అటు పక్క కుర్చీలోంచి ఇటు తిరిగి కొడుకు భుజం మీద చిన్నగా చరిచింది. "రెబెకమ్మ ఎందుకెళ్తదిరా? చూడు ఎట్టా ఉందో, నిమ్మపండులాగా."

ఏలీయా తలూపాడు. నిమ్మపండును చూసి ధైర్యం తెచ్చుకున్నాడు. రెబెకాకు అక్కడికక్కడ భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఇప్పుడు సహోదరి దేవమ్మ గారు సాక్ష్యం చెబుతారు," అన్నారు అయ్యగారు.

దేవమ్మ లేచింది. రెబెకా వెళ్లి ఎప్పటిలాగే ఎడమ పక్కన నిలబడింది. జనం సర్దుకుని కూర్చున్నారు. ఆ సాక్ష్యం ఎక్కడ మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో వాళ్లకు కంఠతా వచ్చు. మంత్రసాని పిల్లను చూసి కెవ్వుమన్న దగ్గర ఆడవాళ్లు అయ్యో అన్నారు. పారెయ్యమన్న చుట్టం దగ్గర మగవాళ్లు తలలు అడ్డంగా తిప్పారు. ఆపరేషన్ గది తలుపు తెరుచుకున్న దగ్గర రాహేలు పైట చెంగుతో కళ్లొత్తుకుంది.

దేవమ్మ చివరికి వచ్చింది. "ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నా బిడ్డ," అంది. అలవాటు చొప్పున సగం వాక్యం వచ్చేసింది. చటుక్కున ఆగింది.

రెబెకా మనసులోనే బతిమాలుకుంది. వదిలెయ్యమ్మా, అక్కడితో ఆపి స్తోత్రం అను, కూర్చుందాం.

దేవమ్మ చెయ్యి దించింది. మైకు కుయ్యిమంది.

ముసలావిడ మర్చిపోయింది కాబోలు అనుకుని వెనక వరసలోంచి ఎవరో అందించారు. "ఆ జబ్బు కోసం మళ్లీ ఆసుపత్రి గడప తొక్కలేదు." ఇంకో ఇద్దరు గొంతు కలిపారు. పాపం, సాయం చేద్దామనే. ఏలీయా కూడా పెదవులు కదిపాడు. పందిరంతా ఒక్కటే గొంతుతో స్తోత్రం అంది.

దేవమ్మ ఆ జనాన్ని కలయచూసింది. తను పెంచిన కుక్కే తన మీద మొరిగినట్టు తెల్లబోయింది. దైవాధీనం చేసిన ఒప్పందం అక్కడితో నీళ్లపాలైంది. ఆమె చెప్పకపోయినా ఆ వాక్యం చెప్పుకోవడానికి ఊరు నేర్చేసుకుంది.

"ఆ మాట నేననలేదు," అంది దేవమ్మ మైకులో.

జనం నవ్వారు. కొందరు ఆగిపోయారు.

"ఇవాళ నేననలేదు. ఇంకెప్పుడూ అనను. ఏలీయా, ఇలా రా నాయనా."

అతను లేచి వచ్చాడు. దేవమ్మ అతని భుజం పట్టుకుంది. ఎముక చేతికి తగిలిందేమో, పట్టు సడలించి నిమిరింది.

"వీడు నా మాట విని ఆపరేషన్‌కి వెళ్లాడు. బతికాడు. స్తోత్రం. నా మాట వినే ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లట్లేదు. అది నేను చెప్పుకోవడంలో తప్పు. దేవుడిది కాదు. ఆ ఆపరేషన్ అయినవాళ్లు బతికినంత కాలం ఏటా చూపించుకోవాలంట. రేపు పొద్దున్నే వీణ్ణి మేం గుడివాడ తీసుకెళ్తాం."

రెబెకాకు తన చెవుల్ని నమ్మబుద్ధి కాలేదు. అమ్మను అక్కడే ఎత్తి గిరగిరా తిప్పాలనిపించింది. ఆ సంబరం ఒక్క క్షణమే.

రాహేలు లేచింది.

"ఎందుకమ్మగారూ? వాడికేం కాదు."

"రాహేలూ, విను."

"ఇన్నేళ్లూ విన్నానమ్మగారూ. మీ మాట వినే వాణ్ణి పెంచా. సముద్రం మీదికి పంపేటప్పుడూ మీ మాటే అనుకునేదాన్ని. ఇప్పుడు మీరే విశ్వాసం వదిలేస్తే మేం దేన్ని పట్టుకోవాలి?" ఆమె ముందుకు వచ్చి కొడుకు మణికట్టు పట్టుకుంది. "పద అయ్యా. బస్సెళ్లిపోద్ది."

"రాహేలమ్మా, కూర్చోండి," అన్నారు దేవసహాయం అయ్యగారు.

"మీరుండండి అయ్యగారూ. అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? ఏదో ఒకటి చెప్పమనండి అమ్మగార్ని."

"రెండూ నిజమే," అంది దేవమ్మ.

"రెండెట్టా నిజమయ్యిద్ది?"

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, ఒక్కసారి వెళ్లొస్తేనేం," అన్నాడు ఏలీయా.

"నువ్వు నోరు ముయ్." రాహేలు గొంతు పెంచింది. కోపం కంటే భయమే ఎక్కువ ఉంది అందులో. మూణ్ణెల్లుగా ఎరుపు చూస్తూ, సాక్ష్యాన్ని అడ్డం పెట్టుకుని నిద్రపోయిన తల్లి భయం అది. "వీడికేమన్నా అయితే మీ గడప ముందే కూర్చుంటానమ్మగారూ. ఎవరు లేపినా లేవను."

రెబెకా తండ్రి వంక చూసింది. మాట వెనక్కి తీసుకుంటాను నాన్నా అని కళ్లతోనే అడిగింది. దైవాధీనం తల వంచుకున్నాడు. అవునన్నట్టో కాదన్నట్టో తెలియలేదు.

ఆమె నోరు తెరిచేలోపే దేవమ్మ మైకు పక్కన పెట్టేసింది. మైకు లేకపోయినా వెనక వరస దాకా వినిపించింది ఆమె గొంతు.

"కూర్చో రాహేలూ. నీ పక్కన నేనూ కూర్చుంటా. బుధవారం నా బిడ్డ కూడా ఆపరేషన్ బల్ల ఎక్కుతోంది. ఇదే రోగానికి."

ఎదురింటావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఇంతమంది కళ్లు తన మీదికి తిరిగితే రెబెకాకు సిగ్గేసింది. అయినా లోపల ఎక్కడో ఒక పెద్ద ముడి విడిపోయి ప్రాణానికి గాలి తగిలింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి అమ్మ తన గురించి ఉన్నదున్నట్టు చెప్పింది.

రాహేలు మెల్లగా ఆమె వైపు తిరిగింది. ముఖం చూసింది. చూపు దిగి పొట్ట దగ్గర ఆగింది. మళ్లీ ముఖానికి వచ్చింది.

"నీకూనా తల్లీ?"

"నాకూ పిన్నీ," అంది రెబెకా.

రాహేలు వెనక్కి జరిగి కుర్చీలో కూర్చుంది. కొడుకు మణికట్టు మాత్రం వదల్లేదు.